మరణమును కోరిన యౌవనులు, మన సంఘము: ఒక చారిత్రక పరిశీలన

క్రీ.శ. 6వ శతాబ్దపు బ్రాగా సభ ఆత్మహత్య చేసుకొన్నవారికి సమాధి ఆరాధనను నిరాకరించింది. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథము ఆ నిషేధమునే కొనసాగించింది. మన దేశములో 1860 నాటి శిక్షాస్మృతి 309వ సెక్షన్ క్రింద ఆత్మహత్యాయత్నమును, 377వ సెక్షన్ క్రింద స్వలింగ సంబంధమును నేరములుగా ఎంచింది. స్వలింగాకర్షణ గల కుర్రవాడు చావబోయి బ్రతికితే, ఒకే గ్రంథము అతనిని రెండు వైపుల నుండి బెదిరించేది.

సంఘములో మార్పు ఒక సమాధి యొద్ద మొదలైంది. 1935లో ఇంగ్లండులో చాడ్ వరా అను యువ పాదిరి మొదట జరిపించిన భూస్థాపన ఒక బాలికది. ఆమె తన తొలి ఋతుస్రావమును సిగ్గుకరమైన రోగమనుకొని ప్రాణము తీసుకొంది. అడుగుటకు ఆమెకు ఎవరూ లేరు. 1953లో ఆయన లండనులోని తన ఆలయములో సమరిటన్స్ సేవను ఆరంభించాడు. ఆయన కొరకు వేచియున్నవారికి టీ ఇచ్చి, వారి మాట విన్న సామాన్య విశ్వాసులే ఎక్కువ మేలు చేయుచున్నారని ఆయన త్వరలోనే గ్రహించాడు.

మన ప్రాంతమునకు ఇది పరాయి సంగతి కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో 1915 నుండి మిషనరీ వైద్యులు క్షయ రోగులను చేర్చుకొన్నారు. ఇరుగుపొరుగువారు దూరము పెట్టిన రోగమది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల 1957లో బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రమును తెరచి, కుటుంబమును రోగితోపాటు అక్కడే ఉండనిచ్చింది. కుప్పం నుండి కాట్పాడికి రైలు ఉన్నది. మన కాపరులలో ఎందరు ఆ దారి చూపారు?

మేము చూపలేదు. కొన్నేండ్ల క్రితము పుంగనూరు వైపు నుండి ఒక తండ్రి తన కుమారుని మా యొద్దకు తెచ్చాడు. కుర్రవానికి ఆడపిల్లల మీద మనసు లేదని ఆయన దుఃఖము. ఉపవాస ప్రార్థన, త్వరగా పెండ్లి అని సలహా ఇచ్చాము. ఆ వారములోనే కుర్రవాడు చనిపోబోయాడు; దేవుని కృపవలన బ్రతికాడు. "చనిపోవాలనిపిస్తున్నదా, నాయనా?" అని మేము అడుగలేదు. అడిగితే ఆ తలంపు పుట్టుతుందని భయపడ్డాము. అది అపోహ అని తరువాత తెలిసికొన్నాము.

2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము ఆత్మహత్యకు యత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా ఎంచి, శిక్షకు బదులు సంరక్షణ ఇమ్మన్నది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, వయోజనుల సమ్మతితో కూడిన స్వలింగ సంబంధము నేరము కాదన్నది. ఆకర్షణను మార్చే 'చికిత్స'ను 2022లో జాతీయ వైద్య కమిషన్ వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. వైద్యునికి తగని పనిని మనము ప్రార్థన పేరిట చేయవచ్చునా?

లైంగికత విషయములో మన కాపరుల మధ్య బోధా భేదములున్నవి. అవి తీరేవరకు ఈ పని ఆగనక్కరలేదు. బదరీవృక్షము క్రింద చావు కోరిన ఏలీయాకు దూత మొదట ఇచ్చినది రొట్టె, నీళ్లు.

2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సంఖ్య 14416. అక్కడ తెలుగులో మాటలాడవచ్చు. దానిని మా ఆలయ ప్రకటనల బల్లపై వ్రాయించాము. ఇది ఎవరి కొరకని ఒక పెద్ద అడిగాడు. మన పిల్లల కొరకే అన్నాము.