రంపపు పొట్టు నుంచి ప్యాడ్ల దాకా

విశాఖ రేవు 1933లో ప్రారంభమైంది. 1957లో కాల్టెక్సు రిఫైనరీ (1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది), ఆ తర్వాత ఉక్కు కర్మాగారం వచ్చాక పెట్రోలు, నాఫ్తా, బెంజాలు మన ఊరికి నిత్యవ్యవహారమయ్యాయి. అవి ఒలికితే ఎత్తడానికి మా తరం చేతికి దొరికినవి రంపపు పొట్టు, కాటన్ వేస్టు, ఎర్ర బకెట్టులోని ఇసుక.

పొట్టు చవక, బాగా పీలుస్తుంది. కారిన గేరు ఆయిలుకు అది చాలు. బెంజీను సంగతి వేరు. దాని ఫ్లాష్ పాయింటు మైనస్ 11 డిగ్రీలు. మన చలికాలంలో సైతం అంటుకునేంత ఆవిరి లేస్తూనే ఉంటుంది. దాని మీద పొట్టు చల్లడమంటే, నా దృష్టిలో, కట్టెలు పేర్చడమే. ఆవిరి ఎంత ప్రమాదమో 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో ఎల్‌పీజీ అంటుకున్ననాడు ఊరంతా చూసింది. 60 మంది దాకా పోయారు.

ఇసుక మండదు, కాని పీల్చదు కూడా. పారకుండా కట్ట వేయడానికి పనికొస్తుంది. ఫుల్లర్సు ఎర్త్, వర్మికులైటు మండవు, పీలుస్తాయి కూడా. అయినా ఇంకిన ద్రవం గుణం మారదు. 1867లో నోబెల్ డైనమైటుకు పేటెంటు తీసుకున్నది నైట్రోగ్లిసరినును మట్టిలో ఇంకించే కదా! కుదుపుకు పేలడం తగ్గింది గాని పేలే గుణం పోలేదు.

తర్వాత పాలీప్రొపిలీను ప్యాడ్లు వచ్చాయి. నీటిని పీల్చవు, నూనెను పీలుస్తాయి, తేలుతాయి; రేవు నీళ్ళకు అవే మేలు. అవీ ప్లాస్టిక్కే, మండుతాయి. ఏది వాడినా నిప్పురవ్వ రాని పారతో ఎత్తి, మూత బిగించిన ఇనుప డబ్బాలో వేసి, ఆరుబయట నీడన ఉంచాలి. ఇంట్లో థిన్నరు తుడిచిన గుడ్డకూ ఇదే పద్ధతి.