సముద్రయాన నవల (తెలుగు)

రకరకాల అంతస్తుల మనుషుల్ని నెలల తరబడి ఒకే ఓడలో ఉంచి, వాళ్ళ స్వభావాలు బయటపడేలా చేసే చారిత్రక నవల ఇంగ్లీషులో స్థిరపడిన శాఖ. విలియం గోల్డింగ్‌కు 1980లో బుకర్ బహుమతి తెచ్చిన ‘రైట్స్ ఆఫ్ పాసేజ్’లో, నెపోలియన్ యుద్ధాల నాటి ఓడ డెక్కు మీద పెద్దింటివారికీ సామాన్యులకూ నడుమ తెల్ల గీత గీసి ఉంటుంది. కోరంగి, మచిలీపట్నం, భీమునిపట్నం వంటి రేవులున్నా తెలుగులో ఈ శాఖ పలచనే. ఉన్నవాటిలో దీనికి దగ్గరగా వచ్చేది మొక్కపాటి నరసింహశాస్త్రి (1892–1973) రాసిన ‘బారిష్టరు పార్వతీశం’. హాస్య నవలగా పేరుపడినా, దాన్ని అంతస్తుల నవలగా చదవడమే ఎక్కువ సబబు.

మొదటి భాగం 1924లో వచ్చిందని సాధారణంగా చెబుతారు. 1925 అనేవారూ ఉన్నారు, కాని మొదటిదే ఎక్కువ వాడుకలో ఉంది. మిగతా రెండు భాగాలు దశాబ్దాల ఎడంతో వచ్చాయి. హైదరాబాదు అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల పేవ్‌మెంటు మీద మొదటి భాగం ఒక్కటే దొరికితే అదే పూర్తి నవల అనుకొనే ప్రమాదముంది. సముద్రయానం మట్టుకు అందులోనే ఉంది. మొగల్తూరు కుర్రవాడు బారిష్టరు చదువుకని మద్రాసు, కొలంబోల మీదుగా ఇంగ్లండుకు బయలుదేరతాడు. రచయిత స్వయంగా ఎడింబరోలో చదివినవాడు కనుక దారి వర్ణనలు ఊహాగానాలు కావు. ప్రయాణం కోసం పార్వతీశం మోజుపడి కొన్న టోపీ ఆడవాళ్ళదని తేలడం అందరికీ గుర్తుండే ఘట్టం. టోపీ కొనేందుకు అతని దగ్గర డబ్బుంది. ఏ టోపీ ఎవరు పెట్టుకొంటారో తెలియదు. ఊళ్ళో అతని పరువుకు ఆధారాలైన కులం, ఇంటిపేరు, పొలం ఇక్కడ అక్కరకు రావు. మర్యాదలు తెలిసినవాడిదే పైచేయి.

ఇది నవ్వించడానికి రాసిన కథ, ఇందులో వర్గచర్చ వెతకడం అతి అన్న ఆక్షేపణ ఉంది. కాని కథ చెప్పేది పార్వతీశమే. తన తెలివితక్కువతనం చూసి తానే నవ్వుకోగలిగేది ఆ మర్యాదలు నేర్చాకనే. ఆ నవ్వులో మెట్టెక్కినవాడి చూపుంది. సమకాలీన కథను చారిత్రక నవల అనవచ్చా అన్నది మరింత బలమైన ఆక్షేపణ. మొదటి భాగం వరకు అది చెల్లుతుంది. చివరి భాగాలు రాసేనాటికి మాత్రం ఆ కాలం రచయితకే గతమైపోయింది.

ఈ నవలకున్న అసలు పరిమితి వేరు. ఇది టిక్కెట్టు కొనుక్కొన్నవాడి ఓడ. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ నవంబరు 16న డర్బన్ చేరినప్పుడు అందులో 342 మంది ఒప్పంద కూలీలు, వాళ్ళ కుటుంబాలవాళ్ళు ఉన్నారు. వారిలో తెలుగువాళ్ళు గణనీయంగా ఉన్నారు. రంగూనుకు డెక్కు మీద కూర్చుని పోయిన ఉత్తర కోస్తా కూలీలదీ అదే వరుస. భోజ్‌పురీ కూలీల ఓడ మీద అమితావ్ ఘోష్ 2008లో ‘సీ ఆఫ్ పాపీస్’ రాశారు. తెలుగు కూలీల ఓడకు పార్వతీశమంత పేరుపడిన నవల రాలేదు.