రంగస్థలంపై రక్తపాతం, తిరిగిరాని మరణం: షేక్స్‌పియర్ విషాదాంతాలు - తెలుగు ప్రేక్షకుడు

వ్యాససంగ్రహం:
షేక్స్‌పియర్ విషాదాంత నాటకాలలో హత్యలు, అంగచ్ఛేదాలు ప్రేక్షకుల కళ్లముందే జరుగుతాయి. ఆంగ్ల నాటక ప్రభావంతో తెలుగు రంగస్థలానికి చేరిన కొత్తదనం ఈ రక్తపాతమేనా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలతో సహా తెలంగాణ గ్రామాలకు పరిచితమైన ఎల్లమ్మ కథను, ధర్మవరం రామకృష్ణమాచార్యుల ‘విషాద సారంగధర’ను ఇందుకు ఆధారంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: షేక్స్‌పియర్, విషాదాంతం, సారంగధర, ఎల్లమ్మ కథ, ప్రేక్షకానుభవం.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాదుకు ఉత్తరాన నాగపూర్ రహదారిపై మేడ్చల్, కరీంనగర్ రహదారిపై శామీర్‌పేట ఉన్నాయి. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం శామీర్‌పేట ప్రాంతంలోనివే. ఆంగ్ల విద్య వేళ్లూనుకున్న ఈ నేలలోనే బోనాలు, పోతరాజు, ఎల్లమ్మ కొలుపు సజీవంగా ఉన్నాయి. రక్తపాతాన్ని చూపే, చూసే రెండు పద్ధతులను పోల్చి పరిశీలించడానికి ఇది తగిన నేపథ్యం.

2. ఎల్లమ్మ కథ - శిరచ్ఛేదం, పునర్జీవనం:
బైండ్లవారు జమిడిక వాయిస్తూ చెప్పే ఎల్లమ్మ కథలో అత్యంత భయానక ఘట్టం రేణుక శిరచ్ఛేదం. తండ్రి ఆజ్ఞపై పరశురాముడు కన్నతల్లి తల నరుకుతాడు. తండ్రి ఇచ్చిన వరంతోనే ఆమెను మళ్లీ బతికించుకుంటాడు. ఈ క్రమంలో రేణుక తల, మాతంగి తల తారుమారవుతాయి. కథకుడు ఒక్క రక్తపుచుక్క చూపకుండా, మాటతో, వాద్యపు ఉరవడితో ఇదంతా కళ్లకు కట్టిస్తాడు. వినేవారిలో కొందరికి శిగం వస్తుంది. బలి ఇవ్వవలసిన చోట కుంకుమ నీళ్లు కలిపిన గుమ్మడికాయను కొట్టే ఆచారం కూడా ఇటువంటిదే. అక్కడ ఎర్రని నీరే నెత్తురుకు గుర్తు. ఈ సంప్రదాయంలో హింస కథకు ముగింపు కాదు. నరికిన తల దేవతగా వెలుస్తుంది.

3. సంస్కృత నాటక నియమం:
రంగస్థలంపై వధను, యుద్ధాన్ని చూపరాదని ధనంజయుని ‘దశరూపకం’ విధించింది. భట్టనారాయణుని ‘వేణీసంహారం’లో దుశ్శాసన వధ తెరవెనుకనే జరుగుతుంది. నెత్తురు పూసుకున్న భీముడు మాత్రం రంగంమీదికి వచ్చి ద్రౌపది జడ ముడుస్తాడు. వడ్డాది సుబ్బారాయుడు ఈ నాటకాన్ని తెలుగు చేశారు. దుర్యోధనుని మరణాన్ని రంగంమీదే చూపిన భాసుని ‘ఊరుభంగం’ 1912లో గాని అచ్చుకాలేదు. కనుక 19వ శతాబ్దపు తెలుగు నాటకకర్తలకు విషాదాంతానికి ఆదర్శం సంస్కృతంలో కనిపించలేదు. దానిని వారు ఆంగ్లంలో వెతుక్కున్నారు.

4. సీజరు నుండి సారంగధరుని దాకా:
1870వ దశకంలో వావిలాల వాసుదేవశాస్త్రి ‘జూలియస్ సీజర్’ను ‘సీజరు చరిత్రము’గా అనువదించారు. సభామధ్యంలో సీజరును పొడవడం, కుట్రదారులు అతని నెత్తుటిలో చేతులు ముంచుకోవడం మూలనాటకంలోని కీలక ఘట్టాలు. తెలుగులోకి తొలినాళ్లలోనే వచ్చిన షేక్స్‌పియర్ నాటకాలలో ఒకటి ఇంతటి రక్తసిక్తమైనది కావడం గమనార్హం.

అనువాదం కంటె లోతైన మార్పు బళ్లారిలో జరిగింది. అక్కడ సరసవినోదినీ సభను స్థాపించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) సారంగధరుని కథను నాటకంగా మలిచారు. సవతితల్లి చిత్రాంగి నిందమోపగా, రాజరాజనరేంద్రుడు కన్నకొడుకు కాలుసేతులు నరికించడం ఈ కథలోని ప్రధానాంశం. గౌరన ‘నవనాథ చరిత్ర’లోను, చేమకూర వేంకటకవి ‘సారంగధర చరిత్ర’లోను సిద్ధుని అనుగ్రహంతో తెగిన అవయవాలు తిరిగి వస్తాయి. ధర్మవరంవారు కథను విషాదాంతం చేసి, ఆ మాటను నాటకం పేరులోనే నిలిపారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దీనికి ప్రసిద్ధి కలిగింది. శిక్షలోని క్రూరత్వం పాతదే. సిద్ధుడు తెచ్చిన ఊరట లేకపోవడమే కొత్తది. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ తరువాతి కాలంలో షేక్స్‌పియర్ పాత్రల అభినయానికి పేరుపొందారు.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు బృందం ప్రదర్శించిన ‘కీచకవధ’తో సురభి నాటకసమాజ చరిత్ర మొదలైంది. ఈ నాటకంలోనూ వధ ఉంది. కాని దుష్టుని చావు ప్రేక్షకునికి తృప్తినిస్తుంది. నిరపరాధి సారంగధరుని బాధ అటువంటి తృప్తి నివ్వదు.

5. ఆంగ్ల ప్రేక్షకుని సహనం:
నిరపరాధి మరణాన్ని ఆంగ్లేయులూ సులువుగా సహించలేదు. 1681లో నహూమ్ టేట్ ‘కింగ్ లియర్’ను తిరగరాసి కార్డీలియాను బతికించాడు. 1838లో మాక్రెడీ మూలానికి దగ్గరైన పాఠాన్ని ప్రదర్శించేదాకా, సుమారు ఒకటిన్నర శతాబ్దం, రంగస్థలంపై ఆ సుఖాంతమే రాజ్యమేలింది. సిద్ధుడు సారంగధరునికి చేసిన మేలునే టేట్ కార్డీలియాకు చేశాడు.

షేక్స్‌పియర్ నాటకాలలో మిక్కిలి రక్తసిక్తమైన ‘టైటస్ ఆండ్రోనికస్’లో లవీనియా చేతులు, నాలుక కోసివేస్తారు. 1955లో స్ట్రాట్‌ఫర్డ్‌లో పీటర్ బ్రూక్ ఆ నెత్తురును ఎర్రని పట్టీలతో సూచించాడు. లూసీ బెయిలీ 2006లోను, మళ్లీ 2014లోను లండన్ గ్లోబ్‌లో నెత్తురును దాచకుండా చూపినప్పుడు ప్రేక్షకులు కొందరు స్పృహతప్పారు. అక్కడి ముంగిలి ప్రేక్షకులు వేదికకు ఆనుకొని నిలబడతారు. నటుని గాయానికి, చూసేవానికి మధ్య దూరం బహుస్వల్పం. ఎల్లమ్మ కథలో శిగమూగిన మనిషి శరీరమూ, గ్లోబ్‌లో సొమ్మసిల్లిన మనిషి శరీరమూ కథకు స్పందించినవే. అయితే మొదటివాని అనుభవాన్ని నలుగురు కలిసి దైవావేశంగా స్వీకరిస్తారు. రెండవవానికి అటువంటి ఆసరా లేదు.

6. ముగింపు:
తెలుగు ప్రేక్షకునికి షేక్స్‌పియర్ నెత్తుటిని పరిచయం చేయనక్కరలేకపోయింది. నరికిన తల, తెగిన చేయి అతని కథలలో ముందే ఉన్నాయి. తెగినది మళ్లీ అతుక్కోదన్న ముగింపు మాత్రమే విషాదాంతం వెంట వచ్చింది. ధర్మవరంవారి సాహసం అందులోనే ఉంది. మేడ్చల్, శామీర్‌పేటల వంటి చోట నేడు ‘టైటస్’ను తెలుగులో ప్రదర్శించదలచిన దర్శకునికి ఎంత ఎర్రరంగు వాడాలన్నది చిన్న సమస్యే. గుమ్మడికాయను బలిగా గుర్తించగల ప్రేక్షకులు బ్రూక్ ఎర్రపట్టీలను సులువుగానే గ్రహిస్తారు. లవీనియా చేతులు ఏ వరంతోనూ తిరిగి రావని వారిని ఒప్పించడమే అసలు పరీక్ష.