పిల్లికీ ఒక ఉట్టి

మా అత్తయ్యగారి పుట్టింట్లో వంటింటి దూలానికి మూడు ఉట్లు వేలాడేవట. ఒకదాంట్లో పెరుగు, ఒకదాంట్లో వెన్న, మూడోదాంట్లో ఆ పూటకి మిగిలిన కూరలు. "ఆ రోజుల్లో ఫ్రిజ్‌లెక్కడివే అమ్మాయ్, పిల్లికి అందకపోతే చాలు, అదే మాకు ఫ్రిజ్జు" అంటారావిడ. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగిన మనిషికి, కోడలు రోజూ రాత్రి పెరటి గట్టు మీద పళ్ళెం పెట్టి వీధి పిల్లుల్ని పిలవడం ఎలా ఉండుంటుందో మీరే ఊహించుకోండి. పాపం, నాతో ఏమీ అనేవారు కాదు. పళ్ళెం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయేవారు.

మూడు పిల్లులు వచ్చేవి. ఒక నల్లది, ఒక చారలది, చారలదాని కూతురు. పేర్లు పెడితే మనవైపోతాయని పేర్లు పెట్టలేదు. (అయినా అయిపోయాయి, అది వేరే సంగతి.) చేపలు తెచ్చిన రోజు తలకాయలు ఉడికించి అన్నంలో కలిపేదాన్ని, లేని రోజు గుడ్డు. రాత్రి పడుకోబోయే ముందు పెట్టేసి తలుపేసుకుంటే, తెల్లారేసరికి పళ్ళెం కడిగినట్టు ఉండేది. ఎంత ఆకలితో ఉన్నాయో అనుకుని మర్నాడు ఇంకో గుప్పెడు ఎక్కువ పెట్టేదాన్ని.

ఓ రాత్రి కరెంటు పోయింది. ఉక్కపోత భరించలేక టార్చి పట్టుకుని పెరట్లోకి వెళ్తే, పళ్ళెంలో ముందు కాళ్ళు పెట్టుకుని ఒక పందికొక్కు భోజనం చేస్తోంది. మామూలుది కాదు, మా నల్లపిల్లిలో సగం ఉంది. గోడ పక్కన ఇంకోటి తన వంతు కోసం చూస్తోంది. ఇక పిల్లులో! రెండడుగుల దూరంలో తోకలు చుట్టుకుని, వడ్డన ఆలస్యమైన పెళ్ళివారిలా బుద్ధిగా కూర్చున్నాయి. తర్వాత కనిపెట్టి చూస్తే తెలిసింది, తెల్లవారుజామున ఖాళీ స్థలంలోంచి ముంగిస వస్తుందని, అది వదిలింది కాకులు తింటాయని, కాకులు వదిలింది చీమలకని. నేను పెడుతున్నది పిల్లులకి కాదు, వీధిలో ఉన్న సమస్త జీవకోటికీ.

అక్కడితో ఆగిపోతే నవ్వుకుని ఊరుకునేవాళ్ళం. ఆ పందికొక్కులు పక్కింటి ప్రహరీ కింద కన్నాలు తవ్వాయి. వాళ్ళ పునాది పక్కన మట్టి కుంగింది. ఒకరోజు వాళ్ళు మందు పెట్టారు, మాకు చెప్పకుండానే. మూడో రోజు పొద్దున చారలది మా తులసికోట వెనక పడి ఉంది. దాని కూతురు పక్కనే కూర్చుని ఉంది, రా అని పిలిచినా రాలేదు. అత్తయ్యగారే పాత తువ్వాలు ఒకటి తెచ్చి కప్పారు. మందు పెట్టింది వాళ్ళే, కానీ పందికొక్కుల్ని రోజూ విస్తరేసి పిలిచింది నా పళ్ళెం. ఆ మాట ఆవేళ ఎవరూ అనలేదు గానీ, నాకు వినపడుతూనే ఉంది.

మరి అసలు మనుషులు పిల్లులకి బయట తిండి పెట్టడం ఎప్పట్నించి, ఎలా పెట్టేవాళ్ళు, ఈ తిప్పలు వాళ్ళకీ ఉండేవా అని చదవడం మొదలుపెట్టాను. పనంతా అయ్యాక మధ్యాహ్నాలు, ఓ నెలన్నరపాటు. నాకు దొరికింది మీకూ చెప్తాను.

మొదట్లో మనం వాటికి ఏమీ పెట్టలేదు, అవే మన దగ్గరికి వచ్చాయి. పశ్చిమాసియాలో జనం వ్యవసాయం నేర్చి ధాన్యం దాచుకోవడం మొదలెట్టగానే ఎలుకలు చేరాయి, వాటి వెనకే అడవిపిల్లులు చేరాయి. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళ నాటి సమాధి ఒకటి బయటపడింది. మనిషి ఎముకల గూటికి 40 సెంటీమీటర్ల దూరంలో, ఎనిమిది నెలల పిల్లిని కూడా పూడ్చిపెట్టారు. 2004లో ఆ సంగతి ప్రకటించారు. ఆ దీవిలో సహజంగా పిల్లులే లేవట, అంటే పడవలో వెంట తీసుకెళ్ళారన్నమాట. మన ఇళ్ళలో తిరిగే పిల్లులన్నిటి మూలమూ పశ్చిమాసియా అడవిపిల్లే అని 2007లో జన్యు పరీక్షలు చేసి తేల్చారు. గాదె కింద పందికొక్కుని పట్టడానికి వచ్చిన పనిమనిషి, చివరికి ఇంటి మనిషైపోయిందన్నమాట.

పందికొక్కు అంటే గుర్తొచ్చింది, దాన్ని ఇంగ్లీషువాళ్ళు బాండికూట్ అంటారు కదా, ఆ మాట మన తెలుగు పందికొక్కే! మన దగ్గర విని తీసుకెళ్ళి, ఆస్ట్రేలియాలో పొడుగు ముక్కున్న, పొట్టకి సంచి ఉన్న వేరే జంతువుకి కూడా అదే పేరు పెట్టారు. మన భాష ప్రపంచానికి ఇచ్చిన మాటల్లో ఇదొకటని చదివి గర్వపడాలో వద్దో తెలీలేదు, ముఖ్యంగా ఆ వారంలో.

పిల్లులకి పద్ధతిగా తిండి పెట్టినవాళ్ళంటే ఈజిప్టువాళ్ళు. క్రీస్తుకి పూర్వం 5వ శతాబ్దంలో అక్కడికి వెళ్ళిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు, ఇంట్లో పిల్లి చచ్చిపోతే ఆ ఇంటివాళ్ళందరూ కనుబొమ్మలు గొరిగించుకునేవాళ్ళని. (నెలకోసారి పార్లర్‌లో దారంతో నాలుగు వెంట్రుకలు తీస్తేనే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాం మనం.) ఇంకోటి చదివినప్పుడు మాత్రం గట్టిగా అత్తయ్యగారిని పిలిచాను. పిల్లలకి జబ్బు చేస్తే తల్లిదండ్రులు మొక్కుకునేవారట. తగ్గాక బిడ్డ జుట్టు తీయించి, ఆ జుట్టుకి సరితూగే వెండి తూచి, పవిత్ర జంతువుల్ని చూసుకునేవాళ్ళకిచ్చేవారట. ఆ డబ్బుతో వాటికి తిండి. "మన తిరుపతి మొక్కులాగే ఉందే!" అని ఆవిడ బుగ్గన వేలేసుకున్నారు.

ఏం పెట్టేవారో కూడా ఉంది. తర్వాత క్రీస్తుకి పూర్వం 1వ శతాబ్దంలో సిసిలీ నుంచి వెళ్ళిన డియోడోరస్ రాశాడు. పాలలో రొట్టె తుంచి వేసి, నాలుకతో టక్ టక్ మని పిలిచి పెట్టేవాళ్ళట. లేకపోతే నైలు చేపలు కోసి పచ్చివి. (పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, మీరు మాత్రం పెట్టకండి.) ఎవరికి పెట్టేవాళ్ళనుకున్నారు? పిల్లులకీ, ముంగిసలకీ! రెంటికీ ఒకటే మెనూ. నేను కర్ర పట్టుకుని తరుముతున్న ముంగిస అక్కడ పిలిచి పెట్టిన అతిథి. అదే డియోడోరస్, ఓ రోమన్ పొరపాటున పిల్లిని చంపితే జనం వాడి ఇంటి మీద పడి చంపేయడం కళ్ళారా చూశానని రాశాడు. రోమ్ అంటే రాజుకే భయం ఉన్న రోజులవి, అయినా ఎవరూ ఆపలేకపోయారట. ఆ పేజీ చదివి పక్కింటి వైపు చూశాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

అలాగని వాళ్ళ భక్తి చూసి మరీ మురిసిపోకండి. దేవతకి సమర్పించడానికి లేత వయసు పిల్లుల్నే మెడ విరిచి మమ్మీలు చేసి అమ్మేవారని ఎక్స్‌రేలు తీస్తే బయటపడింది. 1890లో అలాంటి మమ్మీలు సుమారు లక్షా ఎనభై వేలు, 19 టన్నులు, ఓడలో లివర్‌పూల్ తీసుకెళ్ళి ఎరువు కింద అమ్మేశారు.

నాకు నిజంగా పనికొచ్చింది కైరో కథ. 13వ శతాబ్దంలో అక్కడ ఏలిన సుల్తాన్ బైబర్స్ తన మసీదు దగ్గర ఒక తోటని వీధి పిల్లుల పోషణకి రాసిచ్చాడు. పిల్లి తోట అనే పిలిచేవాళ్ళు దాన్ని. దాదాపు అయిదువందల యాభై ఏళ్ళ తర్వాత, 1820ల్లో కైరో వెళ్ళిన ఎడ్వర్డ్ లేన్ అనే ఇంగ్లీషాయన తన పుస్తకంలో ఏం రాశాడంటే, తోట చేతులు మారీ మారీ అమ్ముడైపోయింది, దాని మీద పిల్లులకి ఏడాదికి వచ్చేది పదిహేను పియాస్టర్లే. అయినా రోజూ సాయంత్రం నమాజు వేళకి ఊళ్ళో ఖాజీ ఇంటి పెద్ద వాకిట్లోకి పిల్లులన్నీ వచ్చేవి, కుర్రాళ్ళు బుట్టల్లో మాంసం ముక్కలు తెచ్చి వేసేవాళ్ళు. ఖర్చు దాదాపు అంతా ఖాజీ నెత్తినే. ఇంకో మాట కూడా రాశాడు, ఇంట్లో పిల్లుల్ని వదిలించుకోవాలంటే జనం తెచ్చి ఆ వాకిట్లోనే వదిలేసి పోయేవాళ్ళట! వీధి జంతువులకి పెట్టే ప్రతి ఆడమనిషికీ తెలిసిన బాధ ఇది. మా గేటు దగ్గర అట్టపెట్టెలో కళ్ళు తెరవని కూనల్ని వదిలిన మహానుభావులెవరో ఇప్పటికీ తెలీదు.

అక్కడ నాకు బుర్రకెక్కింది ఏంటంటే, వేళ. పళ్ళెం పెట్టి తలుపేసుకోలేదు వాళ్ళు. పిల్లులు వేళకి వచ్చాయి, తిన్నాయి, వెళ్ళాయి.

నేనూ అదే చేశాను. ఇప్పుడు మా ఇంట్లో సంజె దీపం పెట్టగానే పిల్లుల భోజనం. కాకులు గూళ్ళకి వెళ్ళిపోయి ఉంటాయి, పందికొక్కులు ఇంకా బయల్దేరవు. ఇరవై నిమిషాలు అక్కడే ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటాను. మెతుకు మిగిలినా సరే పళ్ళెం తీసి కడిగేస్తాను, గట్టు మీద బకెట్ నీళ్ళు కొడతాను. మొదటి వారం నల్లది చాలా బెట్టు చేసింది, అర్ధరాత్రి కిటికీ కింద అరిచింది. ఎనిమిదో రోజు నుంచి దీపం వేళకి గోడ మీద హాజరు.

రెండోది ఎత్తు. పాత ఇనప స్టాండు ఒకటి అటక మీద ఉంటే దింపించి, కాళ్ళకి మా వారి చేత నున్నటి ప్లాస్టిక్ పైపులు తొడిగించాను. పిల్లి ఎగిరి ఎక్కుతుంది, పందికొక్కుకి పట్టు దొరకదు. ఇదేదో గొప్పగా కనిపెట్టాననుకున్నాను గానీ, ఇంగ్లండు రైతులు గాదెల కింద పుట్టగొడుగుల్లాంటి రాళ్ళు పెట్టేవాళ్ళు, స్పెయిన్ ఉత్తరాన స్తంభాల మీద గాదెలు కట్టి మధ్యలో పలకరాళ్ళు ఉంచేవాళ్ళు, ఎలకలు ఎక్కలేకుండా. చీమలకి మాత్రం మా అమ్మ విద్యే, వెడల్పు పళ్ళెంలో నీళ్ళు పోసి మధ్యలో గిన్నె. నల్లదానికీ కూతురికీ ఆపరేషన్ కూడా చేయించాం. హైదరాబాద్‌లో మా చెల్లెలుంటున్న అపార్ట్‌మెంట్‌లో ఇవే గొడవలు నడుస్తుంటే, 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనలు చూడమన్నాను. వీధి జంతువులకి తిండి పెట్టే చోటూ, వేళా అందరూ కూర్చుని నిర్ణయించుకోవాలనీ, పిల్లలు ఆడేచోటా, రాకపోకల దారిలో పెట్టకూడదనీ, పెట్టినవాళ్ళే శుభ్రం చేయాలనీ ఉంది అందులో. సుల్తాను తోట కంటే చవకే.

కన్నాలు మట్టీ, గాజు పెంకులూ వేసి పూడ్పించాం, సగం ఖర్చు మేం ఇచ్చాం. పక్కింటావిడ మందు డబ్బా పారేశానని గోడ మీంచి చెప్పింది. నేను సరేనన్నాను. ఇంకేం మాట్లాడుకోలేదు ఆరోజు.

స్టాండు బిగించిన సాయంత్రం అత్తయ్యగారు వచ్చి అటూ ఇటూ తిరిగి చూశారు. "పిల్లి శాపాలకి ఉట్లు తెగుతాయా అనేవాళ్ళం. చివరికి దానికే ఉట్టి కట్టావా!" అని ఒకటే నవ్వు. ఈమధ్య నాకు పనుంటే ముక్కాలిపీట మీద ఆవిడే కూర్చుంటున్నారు, జపమాల పట్టుకుని.

ముంగిస ఇప్పటికీ తెల్లవారుజామున వస్తుంది. ఖాళీ స్టాండు వైపు మెడ సాచి చూసి, పిట్టగోడ పక్క నుంచి పోతుంది. మొన్న కాఫీ తాగుతూ ఇద్దరం దాన్నే చూస్తున్నాం. "ఆ దేశంలో దీనికి కూడా పాలూ రొట్టే పెట్టేవాళ్ళన్నావ్ కదూ?" అన్నారు అత్తయ్యగారు.

"అవునండీ, పిలిచి మరీ."

"ఎంతైనా పాలు లీటరు ఎంతో వాళ్ళకేం తెలుసులే" అని గ్లాసు పట్టుకుని లేచారు.