జాజికాయకు కాపలా కాసిన రోజులు

తాంబూలంలో పడే జాజికాయ, బిర్యానీలో పడే జాపత్రి ఒకే పండులోవి. పిక్క జాజికాయ, దాన్ని అల్లుకున్న ఎర్రటి పొర జాపత్రి. ఇండోనేషియాలోని బందా దీవుల వానఅడవి ఈ చెట్టుకు పుట్టిల్లు. పద్దెనిమిదో శతాబ్దం దాకా లోకానికి జాజికాయ అక్కడినుంచే రావాలి.

ఆ ఒక్క చెట్టే దీవులకు శాపమైంది. 1621లో డచ్ ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కూన్ సైన్యంతో దిగి, 44 మంది ఊరి పెద్దలను చంపించాడు. దాదాపు 15,000 జనాభాలో చావులు, ఆకలి, బానిసత్వం, వలసల తర్వాత మిగిలింది వెయ్యిమంది దాకానే అంటారు చరిత్రకారులు. తోటలను డచ్చివారికి పంచి, బానిసలతో పని చేయించారు. 1667 ఒప్పందంలో బందాలోని రన్ దీవి డచ్చివారికి దక్కింది, బదులుగా మన్‌హాటన్ ఇంగ్లీషువారికి మిగిలింది. ఆ ముచ్చట అందరూ చెబుతారు. ఆ 44 మంది సంగతి ముందు చెప్పాలి.

మరోచోట మొలవకూడదని కాయలను సున్నంలో ముంచి అమ్మేవారు. నిజానికి ఎండిన పిక్క ఎలాగూ మొలవదు. అడవిలో పెద్ద పావురాలు జాపత్రి కోసం పిక్కను మింగి, దూరంగా నీడలో, తడినేలలో వదిలితే మొక్క వస్తుంది. పక్షులకు కంపెనీ హద్దులు లేవు. చివరికి మనుషులే గీత దాటారు. 1770లో ఫ్రెంచి అధికారి పియర్ ప్వావ్ర్ మారిషస్‌కు మొక్కలు తెప్పించాడు. 1796లో బందాను పట్టుకున్న ఇంగ్లీషువారు పెనాంగ్‌కు తరలించారు. 1843లో ఈ చెట్టు చేరిన గ్రెనడా దీవి జెండా మీద ఇప్పుడు జాజికాయే ఉంది.

పెంచాలంటే అడవి పద్ధతే పాటించాలి. పండు పగలగానే జాపత్రి తీసి, పెంకుతోనే తడి ఇసుకలో పాతాలి. మొలకకు నెల నుంచి మూడు నెలలు పడుతుంది. నీడ కావాలి, నీరు నిలవకూడదు. అందుకే కేరళలో కొబ్బరి తోటల మధ్య వేస్తారు. ఇబ్బందల్లా మగ, ఆడ చెట్లు వేరు కావడం. విత్తు మొక్కల్లో సుమారు సగం మగవే, పూత దాకా, అంటే ఆరేడేళ్లు, తెలియదు. పది ఆడ చెట్లకు ఒక మగది చాలు. కాబట్టి బాగా కాసే ఆడ చెట్టునుంచి అంటు కట్టిన మొక్కే కొనాలి. అంటుపుల్ల నిలువు కొమ్మదైతే చెట్టు నిటారుగా ఎదుగుతుంది. పక్క కొమ్మదైతే పొదలా విస్తరిస్తుంది. ఏది తెచ్చారో నర్సరీలో అడిగి తీసుకోండి.