907 మ్యాచ్‌ల తర్వాత

2017 జూన్ 11 రాత్రి, నాష్‌విల్. పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ స్టాన్లీ కప్ గెలిచారు. ఐస్ హాకీలో ఓ ఆనవాయితీ ఉంది. కప్పు ముందు కెప్టెన్ చేతికిస్తారు. అతను దాన్ని పైకెత్తి తిప్పాక ఎవరికి అందిస్తాడా అని అందరూ చూస్తారు. కెప్టెన్ సిడ్నీ క్రాస్బీ తనతో ఏళ్ల తరబడి ఆడిన స్టార్లందర్నీ పక్కనపెట్టి, టీములో చేరి నాలుగు నెలలు కూడా నిండని రాన్ హేన్సీకి ఇచ్చాడు.

ఎవరీ హేన్సీ? 36 ఏళ్ల డిఫెన్స్‌మన్. గోల్స్ కొట్టడం ఇతని పని కాదు, అవతలివాళ్లని కొట్టనివ్వకపోవడం ఇతని పని. సరిగ్గా చేస్తే ఎవరికీ కనపడదు, ఒక్కసారి తప్పితే టీవీలో పదిసార్లు చూపిస్తారు (ప్రొడక్షన్ సపోర్ట్ చేసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు!).

ఎన్‌హెచ్‌ఎల్‌లో అప్పట్లో 30 టీములు. ఒక్కోటీ సీజన్‌కి 82 మ్యాచ్‌లు ఆడితే, అందులో 16 టీములు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి. అంటే సగానికి పైనే. అయినా హేన్సీ 907 మ్యాచ్‌లు ఆడేదాకా ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా ఆడలేదు. అన్నాళ్లు ఎదురుచూసినవాడు లీగ్ చరిత్రలో అప్పటికి ఇంకొకడు లేడు.

అసలు తమాషా ఏంటంటే, ఇతను ఆడిన టీములన్నీ పనికిరానివేం కావు. టైమింగే కుదర్లేదు. కనెటికట్‌లో పుట్టి, కాలేజీ హాకీ ఆడుతుండగా 2000 డ్రాఫ్ట్‌లో 13వ స్థానంలో మాంట్రియల్ తీసుకుంది. ఫస్ట్ రౌండ్ కదా, పెద్ద స్టార్ అవుతాడనుకున్నారు. కాలేదు. 2004లో మాంట్రియల్ ప్లేఆఫ్స్ ఆడింది, ఇతను ఆడలేదు. 2005 నవంబర్‌లో వేవర్స్‌లో పెట్టారు. అంటే, "మాకొద్దు, కావాల్సినవాళ్లు తీసుకోండి" అని మిగతా టీములకి చెప్పడం. మన బెంచ్ లాంటిదే, కాకపోతే పేరు ఊరంతా తెలుస్తుంది. కొలంబస్ తీసుకుంది.

కొలంబస్‌లో 2008 దాకా ఉన్నాడు. కొలంబస్ మొట్టమొదటిసారి ప్లేఆఫ్స్‌కి వెళ్లింది 2009లో. ఇతనేమో 2008లోనే అట్లాంటాకి వెళ్లిపోయాడు, ఐదేళ్లకి 2.25 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్. అట్లాంటా తన మొత్తం చరిత్రలో ప్లేఆఫ్స్ ఆడింది ఒక్కసారే, 2007లో. ఇతను రాకముందు. 2011లో ఏకంగా టీమే అమ్ముడుపోయి విన్నిపెగ్ చేరింది. అక్కడ 2013 దాకా ఆడాడు. ఆ టీమ్ విన్నిపెగ్‌లో ప్లేఆఫ్స్ చూసింది 2015లో. తర్వాత కరోలినా. వాళ్లు 2009 తర్వాత మళ్లీ ప్లేఆఫ్స్ ఆడింది 2019లో. హేన్సీ అక్కడున్నది 2013 నుంచి 2017 దాకా. ఇంత కచ్చితంగా తప్పించుకోవాలంటే ప్లాన్ చేసినా కుదరదు.

ఈ 907ని చాలామంది జోకులాగే చూశారు. నాకు మాత్రం ఇదొక సర్టిఫికెట్‌లా కనిపిస్తుంది. పనికిరాని ఆటగాడికి ఈ రికార్డు అసాధ్యం, వందో మ్యాచ్ లోపే ఇంటికి పంపేస్తారు. ఓడే టీముల్లో కూడా కోచ్‌లు మార్చినా, ఓనర్లు మారినా, ఊరే మారినా రోజూ ఇతన్నే మంచు మీదకి పంపారంటే ఆట తెలిసినవాళ్లు ఏదో చూసుంటారు. స్కోర్‌కార్డులో టీము ఫలితమే పడుతుంది, ఎవడు ఎంత మోశాడో పడదు.

అలాగని అంతా సాఫీగా ఏం సాగలేదు. 2012-13 లాకౌట్‌లో ఓనర్లతో బేరమాడిన ఆటగాళ్లలో ముందు వరుసలో ఉన్నాడు. ఆ సీజన్ 48 మ్యాచ్‌లకి కుదించుకుపోయింది. దాని తర్వాత కాంట్రాక్ట్ అయిపోతే సెప్టెంబర్ దాకా ఎవరూ పిలవలేదు. చివరికి కరోలినా ఒక్క ఏడాదికి 20 లక్షల డాలర్లకి తీసుకుంది. అంతకుముందు వచ్చేది ఏడాదికి 45 లక్షలు! యూనియన్‌లో గట్టిగా మాట్లాడినందుకా, వయసు వల్లనా అన్నది ఎవరి ఊహ వారిది.

2017 ఫిబ్రవరి 23న కరోలినా ఇతన్ని ఒక సెకండ్ రౌండ్ పిక్‌కీ, ఇంకో కుర్రాడికీ పిట్స్‌బర్గ్‌కి ఇచ్చేసింది. ఏదో అదనంగా ఉంటాడని తెచ్చుకున్నారు. ఇంతలో వాళ్ల నంబర్ వన్ డిఫెన్స్‌మన్ క్రిస్ లెటాంగ్‌కి మెడ ఆపరేషన్, సీజన్ అయిపోయింది. అదనంగా వచ్చినవాడి మీద అసలు బరువు పడింది. ఏప్రిల్‌లో మొదటి ప్లేఆఫ్ మ్యాచ్, ఎదురుగా ఎవరనుకున్నారు? ఒకప్పుడు వేవర్స్‌లో ఏరుకున్న కొలంబస్సే! వాళ్లని, తర్వాత వాషింగ్టన్‌ని, ఒట్టావాని దాటి, ఫైనల్లో నాష్‌విల్‌ని ఆరు మ్యాచ్‌ల్లో ఓడించారు. ఐదో మ్యాచ్ 6-0తో గెలిచినప్పుడు ఆరో గోల్ హేన్సీదే.

ఆ తర్వాత టొరంటోలో రెండేళ్లు, ఒట్టావాలో ఒకటి. మొత్తం 1,132 మ్యాచ్‌లు. ఆట మానేశాక ఆటగాళ్ల యూనియన్‌లోనే ఉద్యోగానికి చేరాడు.

ఇక ఆ రికార్డంటారా, 2025లో పోయింది. ఎడ్మంటన్ తరఫున జెఫ్ స్కిన్నర్ 1,078 మ్యాచ్‌ల తర్వాత మొదటి ప్లేఆఫ్ ఆడాడు. స్కిన్నర్ కరోలినాలో హేన్సీతో కలిసి ఆడినవాడే. కరోలినా మళ్లీ ప్లేఆఫ్స్‌కి వెళ్లడానికి సరిగ్గా ఒక్క ఏడాది ముందు, 2018లో, అతన్ని బఫలోకి పంపేశారు. ఎడ్మంటన్ ఆ ఏడాది ఫైనల్ దాకా వెళ్లింది కానీ కప్పు ఫ్లోరిడా పట్టుకుపోయింది.