గొట్టానికి తగిన యాంప్లిఫయరు

మైకుసెట్టుకు ప్రాణం యాంప్లిఫయరుకూ గొట్టానికీ (హారన్ లౌడ్‌స్పీకరుకూ) ఉన్న పొత్తు. రికార్డు పోయి క్యాసెట్టు వచ్చినా పాట ఆగలేదు. యాంప్లిఫయరుకూ గొట్టానికీ పొసగకపోతే మాత్రం జాతర నడిమధ్యలో ట్రాన్స్‌ఫార్మరు మాడిన వాసన వస్తుంది. పావగడ తాలూకా కర్ణాటకలోనే ఉన్నా మూడు వైపులా ఆంధ్ర నేలే. అక్కడి రాయచెర్లు లాంటి పల్లెల్లో పెళ్లికీ జాతరకూ నాటకానికీ మోగిన మైకుసెట్టు చరిత్ర చాలావరకు ఈ పొత్తు చరిత్రే.

మైకు రాకముందు నటుడి గొంతే యాంప్లిఫయరు. బళ్లారి రాఘవ (1880–1946) తరం నటులు చివరి వరసదాకా వినబడేట్టు మాట విసరవలసి వచ్చేది. పద్యాన్ని పై శ్రుతిలో ఎత్తుకుని రాగం సాగదీయడంలో పాండిత్యం ఎంత ఉందో, అవసరమూ అంతే ఉంది. అమెరికాలో జెన్సెన్, ప్రిడమ్ అనే ఇద్దరు 1915లో లౌడ్‌స్పీకరును జనసభకు పనికివచ్చేట్టు చేశారు. మన దేశంలో మోట్వానీల చికాగో రేడియో కంపెనీ కాంగ్రెసు సభలకు మైకులు కట్టింది. ఢిల్లీలో 1940లో మొదలైన ఆహుజా కంపెనీ యాంప్లిఫయర్లు తరవాత ఊరూరికీ చేరాయి.

సెట్టు దొరికినా కరెంటు ఏది? మైసూరు సంస్థానంలో శివనసముద్రం విద్యుత్తు 1902లోనే కోలారు బంగారు గనులకు చేరింది, 1905లో బెంగళూరు దీపాలు వెలిగాయి. పల్లెల వంతు రావడానికి దశాబ్దాలు పట్టింది. అందాకా కారు బ్యాటరీయే దిక్కు. అప్పటి యాంప్లిఫయర్లలోని వాల్వులకు వందల వోల్టులు కావాలి. బ్యాటరీ ఇచ్చేది ఆరో పన్నెండో. మధ్యలో వైబ్రేటరు అనే చిన్న పరికరం జుమ్మంటూ వోల్టేజీ పెంచడానికి తోడ్పడేది, బ్యాటరీని తాగేసేది కూడా. ట్రాన్సిస్టరు వచ్చి పన్నెండు వోల్టులతోనే నేరుగా నడవడం ఈ వృత్తికి పెద్ద మలుపు. గొట్టాన్ని నమ్ముకోవడానికీ కారణం ఈ కరెంటు కరువే. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో సుమారు 105 డెసిబెల్ల మోత గొట్టానిది. పలుచని పొర కంపించి పలికే ఖరీదైన ప్లేనార్ స్పీకర్లు అదే వాటుకు 85 దగ్గరే ఆగుతాయి. ఇరవై డెసిబెల్ల తేడా అంటే నూరు రెట్ల శక్తి. బ్యాటరీ మీద బతికే ఊరికి గొట్టమే గతి.

ఇక జోడించడంలోనే ఆపరేటరు పనితనమంతా ఉంది. గొట్టం వెనక బిగించే యూనిట్టు నిరోధం సాధారణంగా 16 ఓములు. నాలుగింటిని పక్కపక్కన కలిపితే మొత్తం 4 ఓములకు పడిపోతుంది, ఎనిమిదింటిని కలిపితే రెండుకు. నిరోధం తగ్గేకొద్దీ యాంప్లిఫయరు ఎక్కువ కరెంటు తోడిపెట్టాలి, చేతకానిది కాలిపోతుంది. రెండేసి గొట్టాలను వరసగా కట్టి, ఆ జతలను పక్కపక్కన కలిపితే నాలుగు గొట్టాలున్నా మళ్లీ 16 ఓములే. గుడి నుంచి ఊరి చివరిదాకా తీగ లాగాలంటే ఈ లెక్కా చాలదు, తీగలోనే సగం శక్తి పోతుంది. దానికి మందు 100 వోల్టుల లైను. ప్రతి గొట్టం దగ్గరా చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది, పది వాట్ల కొసకు తగిలిస్తే లైనుకు అది 1,000 ఓములుగా కనిపిస్తుంది. అలాంటివి పది కట్టినా నూరు వాట్ల యాంప్లిఫయరుకు సరిగ్గా సరిపోతుంది. ఓములు మరిచిపోయి వాట్లు కూడుకుంటే చాలు. ఇంత గొప్ప సదుపాయం ఈ వృత్తిలో మరొకటి రాలేదు.

ప్రమాదాలూ యాంప్లిఫయరును బట్టి మారాయి. వాల్వు సెట్టుకు గొట్టం తీగ తెగితే ముప్పు: బరువు లేక వోల్టేజీ పెరిగి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు చెడుతుంది. ట్రాన్సిస్టరు సెట్టుకు రెండు తీగలు తాకితే ముప్పు. బాస్ ఎక్కువ పెట్టడం రెండింటిలోనూ తప్పే. గొట్టం మోయలేని లోతైన స్వరాలకు యూనిట్టులోని పొర అదుపు తప్పి చిరుగుతుంది.

ఇదే లెక్క పరదేశాల ప్లేనార్ స్పీకర్లలో ఇంకో రూపంలో తేలింది. ఇంగ్లండులో పీటర్ వాకర్ సంస్థ క్వాడ్ 1957లో అమ్మకానికి తెచ్చిన ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరుకు, పై స్వరాల దగ్గర నిరోధం రెండు ఓముల చుట్టుపక్కలకు దిగిపోయినా, ఆ సంస్థ 15 వాట్ల వాల్వు యాంప్లిఫయరే చాలింది. 1980లలో అపోజీ సింటిల్లా రిబ్బన్ స్పీకరు ఒక్క ఓముకు దిగింది. దాన్ని మోయడానికి బరువైన ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్లు కావలసి వచ్చాయి. పదహారు గొట్టాలను ఒకేచోట పక్కపక్కన కలిపినా వచ్చేది ఆ ఒక్క ఓమే.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి పది నుంచి ఉదయం ఆరుదాకా లౌడ్‌స్పీకర్లకు హద్దు పెట్టాయి. గొట్టాల చోటును చాలావరకు పెట్టె స్పీకర్లు తీసుకున్నాయి. వాటికి మోత తక్కువ, వాట్లు ఎక్కువ కావాలి. ఆ వాట్లను అంతగా వేడెక్కకుండా ఇవ్వడానికి క్లాస్-డి యాంప్లిఫయర్లు వచ్చాయి.

రాయచెర్లు ఇప్పుడు పావగడ సౌర విద్యుత్ క్షేత్రంలోని అయిదు ఊళ్లలో ఒకటి. తిరుమణి, బాలసముద్రం, వల్లూరు, క్యాతగానచెర్లు మిగతావి. రైతుల నుంచి కౌలుకు తీసుకున్న సుమారు 13,000 ఎకరాల్లో, 2018లో ఆరంభమై, 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరిన క్షేత్రం అది. పలకలిచ్చేది బ్యాటరీలాగే ఏకముఖ విద్యుత్తు. ఇన్వర్టరు దాన్ని సెకనుకు వేలసార్లు ఆపుతూ వదులుతూ, చుట్టలతో వడగట్టి అటూ ఇటూ ఊగే కరెంటుగా మారుస్తుంది. క్లాస్-డి యాంప్లిఫయరు పాటను స్పీకరుకు అందించేదీ ఆ పద్ధతిలోనే: ఆపడం, వదలడం, వడగట్టడం.